కర్టెన్ రాడ్ రివ్యూ: నాబ్ డిజైన్ కాదు, ముందు గోడ చూడండి

అందరికీ నమస్కారం. ఈరోజు టేబుల్ మీద నాలుగు రాడ్లున్నాయి. ముప్పావు అంగుళం స్టీల్ పైపు, అంగుళం స్టీల్ పైపు, లాగితే పొడవయ్యే ఎక్స్‌టెండబుల్ రాడ్, డ్రిల్లింగ్ అవసరం లేని టెన్షన్ రాడ్. షాపుకి వెళ్లగానే చాలామంది చివరన ఉండే నాబ్ డిజైన్ చూస్తారు, తర్వాత రంగు చూస్తారు. నన్నడిగితే అవి రెండూ ఆఖరున చూడాల్సినవి. కిటికీ వెడల్పెంత, గోడ దేంతో కట్టారు అన్నవి తేలాకే రాడ్ సంగతి.

ముందు పైపులు. ఆరడుగుల ముప్పావు అంగుళం పైపుని రెండు స్టూళ్ల మీద పెట్టి, బ్లాక్‌అవుట్ కర్టెన్ జత, అంటే వెలుతురు రానివ్వని బరువైన కర్టెన్లు తగిలించాను. ఈ చివర నుంచి ఆ చివరకి దారం బిగించి పట్టుకుంటున్నా, కెమెరా దగ్గరికి తెస్తాను చూడండి. మధ్యలో దారానికీ పైపుకీ సన్నటి సందు కనిపిస్తోంది కదా? ఆరడుగులకి వంపు ఇంకా కొంచెమే. కానీ ఇదే పైపుని హాల్లో తొమ్మిదడుగుల బాల్కనీ డోర్‌కి వేస్తే పొడవు ఒకటిన్నర రెట్లే అయినా వంపు ఐదు రెట్లు అవుతుంది. పొడవుతో పాటు గుడ్డ బరువూ పెరుగుతుంది కాబట్టి అలా జరుగుతుంది. అంగుళం పైపు, రేకు మందం అంతే ఉన్నా, దీనికి రెట్టింపు కంటే ఎక్కువ గట్టిగా నిలబడుతుంది. అందుకే ఐదడుగులు దాటితే అంగుళం పైపే తీసుకోండి, ఆరు దాటితే మధ్యలో సపోర్ట్ బ్రాకెట్ కూడా పెట్టించండి. సపోర్ట్ ఉన్నచోట ఐలెట్ కర్టెన్, అంటే గుడ్డకే రింగులు బిగించి ఉండేది, దాన్ని దాటి జరగదు, కాబట్టి అటొకటి ఇటొకటి రెండు పీసులు ఉండాలి. ఇంకో మాట, రేకు మందాన్ని గేజ్‌లో చెప్తారు, ఆ నంబర్ పెరిగేకొద్దీ పైపు పల్చబడుతుంది. 22 గేజ్ కంటే 20 గేజ్ మందం.

స్టీల్ విషయంలో మాగ్నెట్ పెట్టి "అతుక్కోలేదు, చూశారా, 304" అంటారు కొందరు. 304 అంటే తుప్పుని బాగా తట్టుకునే స్టెయిన్‌లెస్ స్టీల్ గ్రేడ్, 202 అంతకంటే తక్కువ తట్టుకునేది. కానీ 202 గ్రేడ్ కూడా మామూలుగా మాగ్నెట్‌కి అతుక్కోదు. మాగ్నెట్ గట్టిగా అతుక్కుంటే అది 304 కాదని తెలుస్తుంది, అంతవరకే. బెడ్‌రూమ్, హాల్లో 202 సరిపోతుంది. బాత్రూమ్‌లో షవర్ కర్టెన్‌కి, వాన జల్లు పడే బాల్కనీకి మాత్రం 304 అని బిల్లు మీద రాయించుకుని తీసుకోండి.

ఎక్స్‌టెండబుల్ రాడ్ నాకు నచ్చలేదు. ఇదిగో, ఐలెట్ జరుపుతున్నా... ఇక్కడ ఆగింది. సన్న పైపు లావు పైపులోకి దూరే చోట అంచు ఉంది, రింగు దానికి తట్టుకుంటోంది. రోజూ పొద్దున్నా సాయంత్రం లాగే కర్టెన్‌కి ఇది చికాకు. పైగా బరువు పడితే ముందు కుంగేది కూడా ఈ జాయింట్ దగ్గరే. హైదరాబాద్‌లో బేగంబజార్‌లోనో రాణిగంజ్‌లోనో హార్డ్‌వేర్ షాపుకి వెళ్తే మీ కొలతకి ఒకే పైపు కోసి ఇస్తారు, దానికే వెళ్లండి.

ఇప్పుడు గోడ. అసలు గొడవంతా ఇక్కడే. రాడ్ ఊడిపడింది అంటే దాదాపు ఎప్పుడూ పైపు తప్పు కాదు. ఎర్ర ఇటుక గోడైతే మామూలు ప్లాస్టిక్ గిట్టీ (స్క్రూ బిగుసుకోవడానికి రంధ్రంలో పెట్టే ముక్క), స్క్రూ పట్టుకుంటాయి. స్క్రూ మాత్రం పైన ప్లాస్టరింగ్ దాటి ఇటుకలోకి దిగాలి. అంగుళం స్క్రూ వేస్తే అది ప్లాస్టర్‌లోనే వేలాడుతుంది, కొన్నాళ్లకి పెచ్చుతో సహా వచ్చేస్తుంది. తెల్లటి లైట్ వెయిట్ బ్లాకుల గోడైతే డ్రిల్ మెషిన్‌లో హ్యామర్ మోడ్ ఆపమని చెప్పండి. ఆ బ్లాకు మెత్తన, హ్యామర్ కొడితే రంధ్రం పెద్దదై గిట్టీ లోపల తిరుగుతూనే ఉంటుంది. దానికి పొడవాటి గిట్టీలే వాడాలి. నార్సింగి, కోకాపేట, తెల్లాపూర్ వైపు కొత్త టవర్లలో చాలాచోట్ల మివాన్ గోడలు, అంటే మొత్తం కాంక్రీటు. ఇంట్లో ఉండే చిన్న డ్రిల్ అక్కడ పనిచేయదు, రోటరీ హ్యామర్ ఉన్నవాళ్లని పిలవండి. ఒక్కసారి గట్టిగా దిగిందంటే ఇక ఏళ్లు చూడక్కర్లేదు. పాత ఇళ్లలోనూ కిటికీ మీద అడ్డంగా ఉండే దిమ్మె, అంటే లింటెల్, కాంక్రీటే. "బిట్ దిగట్లేదు సార్" అని రెండంగుళాలు పక్కకి జరిపి కొట్టేస్తారు, రాడ్ వంకర పోతుంది. కాబట్టి పనివాళ్లు వచ్చేముందే పెన్సిల్‌తో మార్కులు మీరే పెట్టుకోండి. ఫాల్స్ సీలింగ్‌కి రాడ్ బదులు కర్టెన్ ట్రాక్ వేయిస్తుంటే జిప్సం బోర్డుకి స్క్రూ కొట్టనివ్వకండి, పైన ఇనుప ఛానల్‌కో ప్లైవుడ్‌కో తగలాలి.

బ్రాకెట్ కొనేటప్పుడు కిటికీని ఒకసారి తెరిచి చూడండి. దోమల మెష్ లోపలికి తెరుచుకునేదైతే కర్టెన్‌కి తగలకుండా బ్రాకెట్ అంత ముందుకి రావాలి. కిటికీ మీదే స్ప్లిట్ ఏసీ ఉంటే నాబ్ దానికి తగులుతుందేమో చూసుకోండి. రెండు రాడ్లు పట్టే డబుల్ బ్రాకెట్‌లో ముందు రాడ్ గోడకి దూరంగా ఉంటుంది కాబట్టి స్క్రూల మీద లాగుడు ఎక్కువ. పల్చటి కర్టెన్ వెనక్కి, బరువైనది ముందుకి వేస్తారు కాబట్టి అక్కడ ఒక్కో బ్రాకెట్‌కి మూడు స్క్రూలు ఉన్నవే తీసుకోండి.

ఎత్తు సంగతి. రెడీమేడ్ కర్టెన్లు ఎక్కువగా ఐదు, ఏడు, తొమ్మిది అడుగుల్లో దొరుకుతాయి. మన ఫ్లాట్లలో లింటెల్ ఏడడుగుల దగ్గరుంటుంది. తలుపు మీద అరడుగు ఎత్తులో రాడ్ వేసి ఏడడుగుల కర్టెన్ తగిలిస్తే కింద అరడుగు ఖాళీ. రెండంగుళాలు పైన వేస్తే తడిబట్ట పెట్టేటప్పుడు నేలకి అంటకుండా సరిగ్గా ఉంటుంది. కిటికీకైతే నాలుగైదు అంగుళాలు పైకి, అటూ ఇటూ ఆరేసి అంగుళాలు బయటికి పోనివ్వండి. పడమటి ఎండ పక్క సందుల్లోంచి దూరదు.

అద్దె ఇంట్లో ఉండి, ఓనర్ గోడకి రంధ్రం వద్దంటే టెన్షన్ రాడ్ ఉంది. కిటికీ గూడు లోపల రెండు పక్క గోడల మధ్య బిగించాలి. నాలుగడుగుల లోపు, పల్చటి కాటన్ కర్టెన్‌కి బాగుంది. బ్లాక్‌అవుట్ వేస్తే మెల్లగా జారుతుంది, పెయింట్ మీద గీత పడుతుంది.

మీ కిటికీ వెడల్పు, గోడ రకం కింద రాయండి. ఏ పైపు, ఏ బ్రాకెట్ సరిపోతుందో అక్కడే చెప్తాను.