ద్వీపం సంగతి తేలలేదు, అయితే ఏంటి?

అందరికీ నమస్కారం. విమానం కూలి ఒక వింత ద్వీపంలో చిక్కుకున్నవాళ్ల కథ చెప్పే అమెరికన్ సీరియల్ 'లాస్ట్'. ఇప్పుడే మనం దాని నాలుగో సీజన్‌లోని ఐదో ఎపిసోడ్ చూశాం. పేరు 'ది కాన్‌స్టెంట్', 2008 ఫిబ్రవరిలో ప్రసారమైంది. లైట్లు వేయగానే వెనక వరుసలోంచి ఎవరో అన్నారు, "బాగానే ఉంది గానీ, ద్వీపం సంగతి ఏమీ తేలలేదుగా!" రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెట్టి ఆ మాటతోనే మొదలుపెడతాను.

ఏళ్ల తరబడి సాగే మిస్టరీ సీరియల్‌కి మనం మార్కులు వేసేది ఇలాగే. ముడి వీడితే మంచి ఎపిసోడ్, వీడకపోతే సాగదీత. నేనూ చాలాకాలం అలాగే చూశాను, గట్టిగానే తిట్టాను కూడా. ఇప్పుడు వేరేది అడుగుతున్నాను. ఈ ఎపిసోడ్ తనకంటూ ఒక ప్రశ్న వేసుకుందా? వేసుకుంటే, ముగిసేలోపు దాని సంగతి తేల్చిందా?

'కొలంబో' లాంటి డిటెక్టివ్ సీరియళ్లతో ఈ గొడవ లేదు. హంతకుడెవరో మొదట్లోనే చూపించేస్తారు, కథ ఆ పూటే ముగుస్తుంది. చివర్లో అతన్ని పట్టించిన ఆధారం మన కళ్లముందు ఉన్నదేనా, అప్పటికప్పుడు జేబులోంచి తీశారా అని చూసుకుంటే సరిపోతుంది.

'లాస్ట్' 2004 నుంచి 2010 దాకా ఆరు సీజన్లు నడిచింది. ఈ ఎపిసోడ్ ఆ పెద్ద ముడి జోలికి అంతగా పోలేదు. డెస్మండ్ మనసు 2004కీ 1996కీ మధ్య కొట్టుకుంటూ ఉంటుంది. రెండు కాలాల్లోనూ తనకు కావలసిన మనిషిని ఒకరిని ఆసరాగా (పేరులోని 'కాన్‌స్టెంట్' అదే) పట్టుకోకపోతే ప్రాణం పోతుంది. 1996లో, విడిపోయిన ప్రియురాలు పెనీ దగ్గరికి వెళ్లి ఫోన్ నంబరు అడుగుతాడు, ఎనిమిదేళ్ల దాకా చేయనంటాడు. ఆమె నంబరు ఇచ్చింది ప్రేమతో కాదు, ఇతన్ని వదిలించుకోవడానికి. గమనించారా? 2004లో క్రిస్మస్ ముందురోజు ఓడలోంచి ఆ నంబరుకే ఫోన్ చేస్తాడు. ఆమె ఎత్తుతుంది. ఒకరి మాట మీద ఒకరు మాట్లాడేస్తారు. అంతలో లైన్ పోతుంది. పవర్ అయిపోయిందని పక్కనున్న సయీద్ నొచ్చుకుంటే, డెస్మండ్ అది చాలంటాడు.

ఎత్తుతుందా, ఎత్తదా? ఈ ఎపిసోడ్ వేసుకున్న ప్రశ్న అదే. మన టెన్షన్ అంతా దాని మీదే. అయితే రెండో సీజన్ నుంచీ వీళ్లిద్దరి ఎడబాటు చూసినవాళ్లకి ఆ రింగు ఇంకోలా వినిపిస్తుంది. ఆ మార్కుల్లో కొన్ని పాత ఎపిసోడ్లకి పోవాలి. నేనైతే పంచుతాను.

దీనికి పూర్తిగా అటువైపు ఉన్నది 'ట్విన్ పీక్స్' అనే సీరియల్. లారా పామర్ అనే అమ్మాయిని చంపిందెవరు అని 1990 ఏప్రిల్‌లో మొదలైంది. అసలు ఆ జవాబు చెప్పడమే, దాన్ని సృష్టించినవాళ్లలో ఒకడైన దర్శకుడు డేవిడ్ లించ్‌కి ఇష్టం లేదు, బంగారు గుడ్లు పెట్టే బాతుని చంపుకోవడమే అన్నాడు. చానెల్ పట్టుబట్టింది. నవంబరు 10న హంతకుడు తెలిసిపోయాడు. ఆ ఎపిసోడ్ తీసింది లించే. ఇప్పుడు చూసినా వణుకు పుడుతుంది. ఆ తర్వాత సీరియల్ చప్పబడి, 1991లో ఆగిపోయింది. మరి ఆ నేరం ఆ ఎపిసోడ్‌దా? ముడి విప్పడం తొందరపాటు అనండి, ఒప్పుకుంటాను. కానీ ఆ గంట చెడ్డదనకండి.

మళ్లీ మన ఎపిసోడ్‌కి వస్తే, లోపాలు లేవని కాదు. ఆక్స్‌ఫర్డ్ సీన్లలో, డెస్మండ్‌కి సాయం చేసే శాస్త్రవేత్త ఫారడే కథ నడపడం మానేసి మనకి పాఠం చెబుతాడు. ఓడలో అదే జబ్బుతో ఉన్న మింకౌస్కీ ముక్కులోంచి రక్తం కారి చనిపోయేది, డెస్మండ్‌కి ఏం జరగబోతోందో మనకి చూపించడానికే. పాపం, అతనికి అంతకుమించి పని లేదు.

ఇక చివర్లో ఫారడే నోట్‌బుక్. ఏదైనా తేడా వస్తే డెస్మండే తన ఆసరా అని అందులో రాసి ఉంటుంది. అది వచ్చే వారానికి వేసిన గాలం. ఫోన్ దగ్గరే ఆపేసి ఉంటే నాకు ఇంకా నచ్చేది. వెనక వరుసలో ఉన్న మిత్రుడికి మాత్రం ఆ ఒక్క షాటే నచ్చి ఉంటుంది. ఏమండీ, మైకు అందుకోండి.