సముద్రానికి పట్టా లేదు
(చెన్నై టీనగర్‌లో తెలుగువారి ఇంజనీర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఆదివారం పూట టీనగర్ ట్రాఫిక్ దాటుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. విశ్వేశ్వరయ్యగారి గురించి నా ముందు మాట్లాడినవారు చక్కగా చెప్పారు. ఆయనకు దండం పెట్టుకుని నేరుగా విషయంలోకి వస్తాను.

నాకిచ్చిన అంశం సముద్రంలో గాలిమరలు, వాటి అవకాశాలు, సవాళ్ళు. అవకాశాల మాట త్వరగానే తేల్చేయొచ్చు. గుజరాత్, తమిళనాడు తీరాల దగ్గర ఎనిమిదేసి ప్రాంతాలను గుర్తించారు. రెండు చోట్లా కలిపి సుమారు 70 గిగావాట్లు, అంటే 70 వేల మెగావాట్లు తీయొచ్చని అంచనా. గాలి వేగం కాస్త పెరిగినా కరెంటు బాగా పెరుగుతుంది. సెకనుకు 8 మీటర్ల గాలి 10 మీటర్లయితే అందులోని శక్తి దాదాపు రెట్టింపు. నేల మీద చెట్టూ, గుట్టా, ఇల్లూ అడ్డుపడతాయి. సముద్రం మీద ఆ అడ్డు లేదు, గాలి నిలకడగా వీస్తుంది. కన్యాకుమారి నుంచి రామేశ్వరం దాకా ఉన్న నీళ్ళ మీద వీచే గాలి మన దేశంలోకెల్లా మేలైన గాలి. నా ఉద్యోగమంతా గాలిమరలు నిలబెట్టడంలోనే గడిచింది. ఆ గాలిని వాడుకోకుండా వదిలేయడం నాకు బాధగా ఉంటుంది.

డెన్మార్క్ వాళ్ళు 1991లోనే విండెబీ దగ్గర సముద్రంలో 11 మరలు పెట్టారు. కాలం తీరి 2017లో వాటిని పీకేశారు కూడా. మనం 2015లో విధానం ప్రకటించాం. దాని పని చూసే జాతీయ పవన విద్యుత్ సంస్థ ఎక్కడో లేదు, ఈ చెన్నైలోనే, మన పళ్ళికరణైలో ఉంది. 2030కల్లా 30 గిగావాట్లు అని 2018లో అన్నారు. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 7,453 కోట్లు మంజూరు చేసింది. గుజరాత్‌లో 500 మెగావాట్లు, ఇక్కడ 500, రెండు ఓడరేవుల అభివృద్ధికి 600 కోట్లు. తర్వాత టెండర్లు పిలిచారు, గడువులు పొడిగించారు, రద్దు చేశారు. మన సముద్రంలో ఇంకా ఒక్క మరా తిరగడం లేదు.

కారణాలు మీకు తెలియనివి కావు. ఖర్చు ఎక్కువ, సోలార్ యూనిట్ చవక. మరలు నిలబెట్టడానికి కాళ్ళు దించి నిలబడే ప్రత్యేక ఓడలు కావాలి, అవి మన దగ్గర లేవు. నీటి అడుగున కేబుల్ వేయాలి. తుఫాను గాలికి తట్టుకోవాలి. 1964లో ధనుష్కోటి ఏమైందో ఈ హాల్లో గుర్తున్న పెద్దలున్నారు. మన విశాఖలో ఎందుకు పెట్టరని కింద కాఫీ దగ్గర ఒకాయన అడిగారు. అక్కడ తీరం దాటిన కొద్ది దూరంలోనే లోతు గబుక్కున పెరిగిపోతుంది. గాలి కూడా ఈ దక్షిణపు కొసలో ఉన్నంత లేదు. పైగా హుద్‌హుద్ చూసిన ఊరది. అడుగున పాతకుండా నీటి మీద తేలే మరలు చవకయ్యాక ఆ సంగతి మాట్లాడుకోవచ్చు.

ఇవన్నీ డబ్బుతో, కాలంతో తీరే ఇబ్బందులు. నేను ఇవాళ చెప్పాలని వచ్చింది వేరే. అధ్యక్షులవారు క్షమించాలి, కొంచెం సమయం తీసుకుంటాను.

చాలా ఏళ్ళ కిందట తూత్తుకుడి జిల్లా కయత్తారు దగ్గర ఒక ప్రైవేటు కంపెనీ మరలు పెడుతుంటే నేను ఎరెక్షన్ ఇంజనీరుని, అంటే మరలు నిలబెట్టే పని చూసేవాణ్ణి. అదంతా నల్లరేగడి. తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు తరతరాలుగా అక్కడ ఉన్నాయి. మర పెట్టే చోటికి క్రేన్ రావాలంటే చెరువు కాలువ దాటాలి. కాలువలో గ్రావెల్ పోసి, రోలర్‌తో తొక్కించి దారి చేశారు. పనయ్యాక తీసేస్తామన్నారు. మర లేచింది, క్రేన్ ఇంకో సైటుకి వెళ్ళిపోయింది, గ్రావెల్ అక్కడే ఉండిపోయింది. ఐప్పసి నెల (అక్టోబరు, నవంబరు) వానలకు నీళ్ళు ఎగదన్ని పైన పత్తి మునిగింది. కింద పొలాలకు చుక్క రాలేదు.

ఆ కింది పొలాల్లో ఒక పెద్దాయనవి నాలుగెకరాలు. రోజూ పొద్దున్నే వచ్చి సైటు ఆఫీసు రేకుల షెడ్డు ముందు నిలబడేవాడు. ఒకరోజు గడ్డపారతో పెకలించిన గ్రావెల్ పెళ్ళ తెచ్చి మేనేజరు బల్ల మీద, కాగితాల మధ్య పెట్టాడు. మట్టి రాలి డ్రాయింగుల మీద పడింది. "అయ్యా, మీరు తెలుగువాళ్ళు గదా, నా మాట మీకు అర్థమవుతుంది గదా, ఇది నేను తవ్వేదేనా?" అని నన్నడిగాడు. మేనేజరు రిజిస్టరు తిప్పి, "మీ పేరు మా అగ్రిమెంట్‌లో లేదు" అన్నాడు. నేను హెడ్డాఫీసుకి రాస్తే అక్కణ్ణుంచీ అదే జవాబు. భూమి అమ్మినవాడి పేరు ఉంది, డబ్బు ముట్టింది. నీళ్ళు పోయినవాడి పేరు ఏ కాగితంలోనూ లేదు. ఆ పెద్దాయన, కొడుకులు కలిసి ఆ దారిని గడ్డపారలతో తవ్వుకున్నారు. ఆ ఏడు పంట పోయింది.

ఇప్పుడు సముద్రం సంగతి చూడండి. అక్కడ సర్వే నంబరు లేదు, పట్టా లేదు. తూత్తుకుడి జాలరికి తన వేట నీళ్ళ మీద చూపించడానికి ఏ కాగితమూ లేదు. నేల మీద కనీసం అమ్మినవాడి పేరైనా ఉండేది. అంతర్జాతీయ సముద్ర చట్టం ప్రకారం ఒక్కో కట్టడం చుట్టూ 500 మీటర్ల దాకా భద్రతా వలయం పెట్టుకోవచ్చు. పదుల మరలు పెడితే వలలు వేయడానికి మిగిలేదెంతో లెక్క వేయండి. పైగా మన్నార్ సింధుశాఖలో 21 దీవుల జాతీయ పార్కు ఉంది, అక్కడ ఇప్పటికే ఆంక్షలున్నాయి.

ఇంకో లెక్క ఎవరూ మాట్లాడరు, నాకు అది కోపం. మే నుంచి సెప్టెంబరు దాకా గాలి ఉధృతం, క్రేన్ ఎత్తలేం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల భయం. ఓడతో పని చేయడానికి మిగిలేది జనవరి నుంచి నాలుగు నెలలు. ఈ తీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ నిషేధం రాకముందు జాలరి నాలుగు రాళ్ళు వెనకేసుకోవాల్సిన నెలలూ, మన పని నెలలూ ఒకటే! టెండరు రాసేవాళ్ళు ఈ రెండు క్యాలెండర్లనూ పక్కపక్కన పెట్టి చూశారా? ఇక్కడ తూత్తుకుడి పోర్టులో పనిచేసేవాళ్ళున్నారు, చేతులెత్తండి బాబూ. మీరే చెప్పాలి, చూశారా?

వేరేచోట్ల దారి దొరికింది. డెన్మార్క్‌లో వేటకు నష్టం జరిగితే జాలర్లతో కూర్చుని పరిహారం తేల్చుకోవాలి, చట్టమే అలా చెప్పింది. కోపెన్‌హాగెన్ ఎదుట మిడిల్‌గ్రుండెన్‌లో 2000లో 20 మరలు పెట్టారు. వాటిలో సగం ఒక సహకార సంఘానిది, 8 వేల మందికి పైగా మామూలు జనం వాటాదార్లు. మన తీరంలో జాలర్ల సంఘాలు లేవా? వాళ్ళకి వాటా ఇస్తే రేపు మరల్ని కాపలా కాసేది వాళ్ళే.

నేను ఈ మరలు రావాలని కోరుకునేవాణ్ణి. అందుకే ఒక తీర్మానం రాసి తెచ్చాను, అధ్యక్షులవారి అనుమతితో చదువుతాను. "తమిళనాడు తీరంలో సముద్ర పవన విద్యుత్ టెండరు మళ్ళీ పిలిచేముందు ఆ నీళ్ళలో వేటాడే పడవలన్నిటినీ, వాటి మీద బతికేవాళ్ళ పేర్లనూ ప్రభుత్వం నమోదు చేయాలి. ఆ జాబితాను లీజు ఒప్పందంలో భాగం చేయాలి. పరిహారం, వాటా ఎంతో పని మొదలవకముందే రాయాలి." దీన్ని పళ్ళికరణై సంస్థకూ, ఢిల్లీలో మంత్రిత్వశాఖకూ పంపుదాం. తమిళంలోకి మార్చగలిగినవాళ్ళు సభ అయ్యాక నా దగ్గరికి రండి, తూత్తుకుడి సంఘాలకు కూడా ఒక ప్రతి వెళ్ళాలి. సంతకాల కాగితం మూడో వరుస నుంచి మొదలవుతుంది.