ఖాళీగా ఉంచకపోతే చాలా?

శ్రోతలకు నమస్కారం.

మానసిక అనారోగ్యంతో బాధపడే మనిషి గురించి ఇంట్లోవాళ్లు తరచు ఒక మాట అంటారు: "ఖాళీగా ఉంటే ఆలోచనలు ఎక్కువవుతాయి, ఏదో ఒక పని అప్పజెప్పండి." ఆ మాటలో ప్రేమ ఉంది. రోజువారీ పనుల ద్వారానే మనిషి కోలుకోవడానికి సాయపడే చికిత్స ఆక్యుపేషనల్ థెరపీ. అది కూడా పనికి ఉన్న శక్తి మీద నమ్మకంతోనే పుట్టింది. అమెరికాలో ఈ వృత్తికి తొలి జాతీయ సంఘం 1917లో ఏర్పడింది. పని, ఆట, విశ్రాంతి, నిద్ర ఒక లయలో సాగడమే ఆరోగ్యమని మనోవైద్యుడు అడాల్ఫ్ మేయర్ 1922లో రాశాడు. ఇక్కడ పని అంటే ఉద్యోగం ఒక్కటే కాదు. పొద్దున లేచి స్నానం చేయడం, వండుకోవడం, స్నేహితుడికి ఫోను చేయడం, ఇవన్నీ పనులే.

అయితే "ఏదో ఒక పని" సరిపోతుందా? 1997లో వెలువడిన ఒక అధ్యయనం సరిగ్గా ఇదే పరీక్షించింది. లాస్ ఏంజెలెస్‌లో సొంతంగా జీవిస్తున్న, 60 ఏళ్లు పైబడిన 361 మందిని చీటీలు తీసినట్టు మూడు జట్లు చేశారు. ఒక జట్టు తొమ్మిది నెలలపాటు ఆక్యుపేషనల్ థెరపిస్టుల సాయంతో తమ దినచర్యను తామే పరిశీలించుకుని మార్చుకుంది. రెండో జట్టుకు కాలక్షేప కార్యక్రమాలు ఏర్పాటు చేశారు. మూడో జట్టుకు ఏమీ లేదు. జీవితం మీద తృప్తి, మానసిక ఆరోగ్యం వంటి పలు కొలతల్లో మొదటి జట్టు మెరుగ్గా నిలిచింది. కాలక్షేపం దొరికినవారికీ ఏమీ దొరకనివారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వీరు మానసిక రోగులు కారు కాబట్టి ఆ ఫలితాన్ని అందరికీ యథాతథంగా అంటగట్టకూడదు. కానీ వార్డులో అందరి చేతికీ రంగులు నింపమని ఒకే బొమ్మ కాగితం ఇచ్చి, దాన్నే చికిత్స అనుకునే అలవాటును అది గట్టిగా ప్రశ్నిస్తుంది.

ఉద్యోగం విషయంలో మన భయాలు ఇంకా లోతైనవి. స్కిజోఫ్రీనియా వంటి తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవారికి ముందు శిక్షణ ఇవ్వాలి, పూర్తిగా సిద్ధపడ్డాకే ఉద్యోగం అని చాలాకాలం భావించారు. ఆ సిద్ధపడే రోజు కొందరికి రానే రాదు. దీనికి భిన్నంగా, కోరుకున్న ఉద్యోగం ముందే వెతికిపెట్టి, చేరిన తర్వాత వెన్నంటి ఉండే పద్ధతి ఒకటుంది. యూరప్‌లోని ఆరు నగరాల్లో 312 మందితో ఈ రెండింటినీ పోల్చి, 2007లో ఫలితాలు ప్రచురించారు. ఉద్యోగం ముందు అన్న పద్ధతిలో 55 శాతం మంది కనీసం ఒక్క రోజైనా పనిచేశారు. శిక్షణ ముందు అన్నచోట 28 శాతమే. ఉద్యోగ ఒత్తిడితో జబ్బు తిరగబెడుతుందన్న భయం కూడా నిజం కాలేదు. మళ్లీ ఆసుపత్రిలో చేరినవారు శిక్షణ జట్టులోనే ఎక్కువ. మంచి మనసుతోనే మనం ఎంతమందిని ఎన్నేళ్లు ఆపేశామో అనిపిస్తుంది నాకు.

అయితే ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. "కనీసం ఒక్క రోజు" అంటే స్థిరపడినట్టు కాదు. మంచి పద్ధతిలోనూ 45 శాతం మందికి ఒక్క రోజు పని కూడా సాధ్యపడలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి ఏ లెక్కలోకి వస్తాడో ఏ పరిశోధనా ముందుగా చెప్పలేదు. అసలు అతనికి ఉద్యోగమే వద్దేమో. తన కూతురితో కలిసి కూర్చుని భోజనం చేయగలిగితే చాలునేమో.

అందుకే థెరపిస్టులు వాడే కొలమానాల్లో ఒకటి నాకు ఎంతో ఇష్టం. కెనడాలో రూపొందిన ఆ పద్ధతిలో, తనకు ముఖ్యమైన పనులేవో రోగే చెబుతాడు. వాటిని ఎంత బాగా చేయగలుగుతున్నాడో, ఎంత తృప్తిగా ఉందో ఒకటి నుంచి పది వరకు తానే మార్కులు వేసుకుంటాడు. కొన్ని వారాలయ్యాక మళ్లీ వేయిస్తారు. మీవాళ్లకు ఈ చికిత్స జరుగుతుంటే, "ఏ పనిని లక్ష్యంగా పెట్టుకున్నారు? ఈ పద్ధతినే ఎందుకు ఎంచుకున్నారు? మార్పును ఎప్పుడు, ఎలా కొలుస్తారు?" అని అడగండి. మొదట మూడు వేసుకున్న మనిషి రెండోసారీ మూడే వేసుకుంటే, అతన్ని తప్పుపట్టకుండా, థెరపిస్టు పక్కన కూర్చుని ప్రణాళికను మార్చాలి.

నమస్కారం.