బరంపురం బడాబజారులో కాపురం పెట్టొచ్చా?

నమస్తే అండీ. ఈసారి ఫోనూ కాదు, బైకూ కాదు, ఏకంగా ఒక పేటకే రివ్యూ. ఇచ్ఛాపురం దాటాక ఒడిశాలో వచ్చే మొదటి పెద్ద ఊరు బరంపురం. అందులో పాత భాగం ఈ బడాబజారు.

ముందు భాష సంగతి. ఒడియా రాదని బెంగ వద్దు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా ఈ ఊరున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. రాష్ట్రపతిగా చేసిన వి.వి. గిరి గారు 1894లో పుట్టింది ఈ ఊళ్ళోనే. ఇప్పటికీ ఇక్కడ బేరం ఒడియాలో మొదలై తెలుగులో తెగుతుంది. "ఏటి బాబూ, ఎవరబ్బాయివి?" అని అరుగు మీది మామ్మ అడిగిందంటే మీరు వీధిలో కలిసిపోయినట్టే. ఆరా తీయడం ఎక్కువే, ముందే చెప్తున్నా.

ఇక్కడి పట్టుచీరకి గుర్తు అంచు మీద గుడి గోపురాల్లా నడిచే కుంభం డిజైను. కొనేవాళ్ళు అంచు తిరగేసి కూడా చూడండి. మగ్గాలు మాత్రం బాగా తగ్గాయి, వెతుక్కోవాలి. అప్పడాలకి, ఆవకాయకి వెతుకులాట అక్కర్లేదు, వాసనే దారి చూపిస్తుంది.

ఇక అసలు విషయం, బుఢీ ఠాకురాణీ జాతర. రెండేళ్ళకోసారి చైత్రం దగ్గర్లో వస్తుంది. అమ్మవారిని పుట్టింటికి తెచ్చుకున్నట్టు దేశీబెహరా వీధిలో తాత్కాలికంగా గుడి కట్టి నిలుపుతారు. నేతవాళ్ళ పెద్దని దేశీబెహరా అంటారు, జాతర పెద్దరికం ఆయనదే. రాత్రిళ్ళు ఘటాల ఊరేగింపు, మొక్కు తీర్చుకునేవాళ్ళ పులివేషాలు, డప్పులు. దాదాపు నెల రోజులు నిద్ర అటకెక్కుతుంది. నాకైతే ఈ పేటకి మార్కులన్నీ ఇక్కడే. పసిపిల్లలున్నవాళ్ళు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి.

మైనస్‌లా? సందులు ఇరుకు. కారు పెట్టే చోటు లేదు, వానొస్తే కాలువ వీధిలోకొస్తుంది. కారున్నవాళ్ళు గాంధీనగర్ వైపో, అంబపువా వైపో చూసుకోండి. స్కూటీ చాలనుకుంటే, ఇంట్లో పెద్దవాళ్ళకి కబుర్లు కావాలనుకుంటే బడాబజారుకే నా ఓటు. గోపాల్‌పూర్ సముద్రం కూడా పదిహేను కిలోమీటర్లే.

ఇల్లు చూడ్డానికి మధ్యాహ్నం వెళ్ళకండి, సందంతా ఖాళీగా కనిపించి మోసపోతారు. సాయంత్రం ఏడింటికి వెళ్ళండి. అడ్వాన్స్ ఇచ్చేముందు జాతర ఈ ఏడా, వచ్చే ఏడా అని అడగండి.