తెలియని తీరంలో స్కూబా ట్రిప్: నా ప్లాన్‌కి నేనే వేసుకున్న మార్కులు

నమస్కారం అండీ. ఎప్పుడూ మాస్కులు, ఫిన్స్, డైవ్ కంప్యూటర్లు పట్టుకుని మీ ముందుకు వస్తుంటాను. ఈసారి రివ్యూకి పెట్టింది నా ప్లాన్‌నే. ఇంతకుముందు ఒక్కసారి కూడా దిగని సముద్రం, తెలిసినవాళ్లు ఎవరూ లేని తీరం. ఆరు రోజుల ట్రిప్. చివరి రోజు వదిలేసి, మిగతా ఐదు రోజులూ రోజుకు రెండు చొప్పున పది డైవులు అనుకున్నాను. ఆరే అయ్యాయి. పోయిన నాలుగింటిలో సముద్రం తప్పెంత, నా తప్పెంత అన్నదే ఈ వీడియో. ముందే ఒప్పేసుకుంటున్నా, నా వాటాయే ఎక్కువ.

బాగా కుదిరిన దాంతో మొదలుపెడతాను. ప్లాన్ నేను తిరుగు ప్రయాణం నుంచి వెనక్కి వేసుకుంటూ వచ్చాను. చాలామంది టికెట్లు కొనేసి, ఆ రోజుల్లో ఎన్ని డైవులు పడతాయా అని చూస్తారు. అలా చేస్తే చివరి రోజు దగ్గర ఇరుక్కుంటారు. నీటి అడుగున ఒత్తిడిలో గాలి పీలుస్తున్నప్పుడు నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. పైకి వచ్చాక అది మెల్లగా బయటికి పోవాలి. విమానం లోపల గాలి ఒత్తిడి నేల మీద కన్నా తక్కువ కదా, తొందరపడి ఎక్కితే ఆ నైట్రోజన్ బుడగలు కడుతుంది. సోడా మూత తీసినట్టే అనుకోండి. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్, అంటే అందరూ డాన్ అని పిలిచే సంస్థ, చెప్పే లెక్క ఇదీ: డీకంప్రెషన్ స్టాప్, అంటే పైకి వస్తూ మధ్యలో తప్పనిసరిగా ఆగడం, అవసరం లేని డైవ్ ఒక్కటే చేస్తే కనీసం 12 గంటలు ఆగాలి. రోజుకు రెండు మూడు, లేదా వరసగా కొన్ని రోజులు చేస్తే కనీసం 18 గంటలు. నేను ఇంకాస్త కలుపుకుని 24 గంటలు వదిలాను.

అంతా బానే ఉంది కానీ, ఆ ఖాళీ రోజున ఏం చేద్దామా అని చూస్తే పక్కనే ఒక కొండ కనిపించింది. కారులో పైదాకా వెళ్లి రావచ్చు. బుక్ చేయబోయి ఆగాను. విమానంలో వెళ్లినా కారులో వెళ్లినా ఎత్తు ఎత్తే. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నైట్రోజన్‌కి మనం ఏ బండి ఎక్కామో తెలియదు. దీనికి పదికి తొమ్మిది. ఆ ఒక్క మార్కూ కొండ పట్టుకుపోయింది.

ఇక పోయిన డైవుల సంగతి. మొదటి రెండూ కరెంట్‌కి, అంటే సముద్రం లోపలి నీటి ప్రవాహానికి పోయాయి. నేను సీజన్ చూసుకున్నాను, గాలి ఎప్పుడు తక్కువ ఉంటుందో, నీళ్లు ఎంత వెచ్చగా ఉంటాయో అన్నీ చూసుకున్నాను. చంద్రుణ్ణి చూసుకోలేదు. నా ట్రిప్‌లో సరిగ్గా మూడో రోజు అమావాస్య. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో లాగుతారు కాబట్టి పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు కూడా ఆ జోరు తగ్గదు. అంత నీరు అదే ఆరు గంటల్లో అటూ ఇటూ పోవాలంటే వేగంగానే పోతుంది మరి. అష్టమి చుట్టుపక్కల రోజులైతే ఈ తేడా బాగా తక్కువ. క్యాలెండర్‌లో తిథి చూసే అలవాటు ఉన్న మనిషిని, ముహూర్తాలకి తప్ప వాడలేదు.

అన్ని తీరాలకూ ఇది ఒకేలా వర్తించదు. పోటుకీ ఆటుకీ మధ్య మీటరు తేడా కూడా లేని చోట్లుంటాయి. కెనడాలో బే ఆఫ్ ఫండీ లాంటి చోట 16 మీటర్ల దాకా ఉంటుంది. అందుకే మీరు వెళ్లే తీరానికి టైడ్ టేబుల్ ఒకసారి తీసి చూడండి. తేడా ఎక్కువగా ఉంటే, పోటుకీ ఆటుకీ మధ్య నీళ్లు కాసేపు నిలబడే సమయం ఎప్పుడో డైవ్ సెంటర్ వాళ్లనే అడగండి. కరెంట్ తిరిగే సమయం టేబుల్‌లో పోటు సమయంతో ఒక్కోసారి కలవదు. అది ఆ ఊరి పడవవాళ్లకే బాగా తెలుస్తుంది.

మూడో డైవ్ బురదకి పోయింది. ముందు రోజు వాన పడింది. పొద్దున్నే పడవ వెళ్లి చూస్తే విజిబిలిటీ రెండు మీటర్లు. మన కాళ్లకి తొడుక్కున్న ఫిన్స్ మనకే కనపడవు. వెనక్కి వచ్చేశాం. దీన్ని వాన మీదికి తోసేద్దామనుకున్నా కానీ, గదికి వచ్చి శాటిలైట్ మ్యాప్ తీస్తే ఆ డైవ్ సైట్‌కి దగ్గర్లోనే నది కలుస్తోంది. మ్యాప్‌లో గోధుమరంగు తోక లాగా కనిపిస్తూనే ఉంది. నదీముఖం దగ్గర నీళ్లు తేటగా ఉండాలంటే పోటు చివర్లో దిగాలి, అప్పుడు బయటి సముద్రపు నీరు లోపలికి వచ్చి ఉంటుంది. ఆటు మొదలైందంటే నది మట్టి అంతా బయటికి వస్తుంది. మేము వెళ్లింది ఆటు సమయంలో. కాబట్టి ఈ తప్పుని వానా నేనూ చెరిసగం పంచుకుంటాం. ఈ రెండింటికీ కలిపి పదికి మూడు.

నాలుగోది చివర్లో చెప్తాను. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

డైవ్ సెంటర్‌ని ఎంచుకోవడం దగ్గర మాత్రం నాకు నేను పది ఇచ్చుకుంటాను, ఏమనుకోకండి. ఐదు నక్షత్రాల రివ్యూల్లో చేపలూ సూర్యాస్తమయాలే ఉంటాయి. నేను మూడు నక్షత్రాలవి చదువుతాను. "అంతా బాగుంది కానీ" అని మొదలయ్యే వాక్యాల్లోనే అసలు విషయం ఉంటుంది. తర్వాత నాలుగు సెంటర్లకు ఒకే ఉత్తరం రాశాను. ఒక గైడ్‌తో ఎంతమందిని దించుతారు? పడవలో ఆక్సిజన్ ఉంటుందా, దాన్ని ఇవ్వడం ఎవరికి వచ్చు? మేము కింద ఉన్నప్పుడు పడవలో ఎవరుంటారు? దగ్గర్లోని రీకంప్రెషన్ చాంబర్ (ఒంట్లో బుడగలు కట్టినవాళ్లని ఒత్తిడిలో పెట్టి చికిత్స చేసే గది) ఎక్కడ, అక్కడికి ఎలా తీసుకెళ్తారు?

ఒకరు రాసిన జవాబు: ఏ టెన్షన్ పెట్టుకోకండి, అంతా మేము చూసుకుంటాం. నాకు టెన్షన్ అక్కడే మొదలైంది. ఇంకొకరు నాలుగింటికీ నాలుగు లైన్లలో సమాధానం చెప్పి, తిరిగి నన్నే అడిగారు. చివరిసారి ఎప్పుడు దిగారు? ఏ డైవింగ్ సర్టిఫికెట్ కార్డు ఉంది? మెడికల్ ఫారంలో దేనికైనా అవునని రాయాల్సి ఉందా? ఉంటే డాక్టర్ సంతకం ఇక్కడికి వచ్చాక కుదరదు, ముందే తెచ్చుకోండి. డబ్బు కట్టకముందే నన్ను పరీక్షించే వాళ్లు, పడవలో నా పక్కన కూర్చునేవాణ్ణి కూడా పరీక్షించే ఉంటారు కదా. అక్కడే బుక్ చేశాను.

వాళ్లు మొదటి డైవ్ తప్పనిసరిగా పది మీటర్ల లోపే అన్నారు. లాగ్‌బుక్‌లో 60 డైవులున్న మనిషిని, కొంచెం ఉక్రోషం వచ్చింది. అక్కడివి అల్యూమినియం ట్యాంకులు. నేను అలవాటు పడింది స్టీల్‌కి. అల్యూమినియం ట్యాంక్ ఖాళీ అయ్యేకొద్దీ పైకి తేలుతుంది, చివర్లో రెండు కిలోల దాకా తేడా వస్తుంది. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్, అంటే పైకి వచ్చేముందు జాగ్రత్తకి ఆగడం, చేస్తుంటే, 50 బార్ ఒత్తిడే మిగిలిన, అంటే చాలావరకు ఖాళీ అయిన ట్యాంక్‌తో నేను బెలూన్‌లా పైకి పోతున్నాను. గైడ్ నా బీసీడీ, అంటే తేలడానికి గాలి నింపుకునే జాకెట్, పట్టుకుని ఆపాడు. మర్నాటికి ఒంటికి కట్టుకునే సీసం బరువులు పెంచుకున్నాను. ఉక్రోషం దిగిపోయింది.

లోతు విషయంలో ఒక చిన్న పొరపాటు ఇంట్లోనే దొరికింది. నాది అడ్వాన్స్‌డ్ కార్డు, 30 మీటర్ల దాకా. నాతో వచ్చిన ఫ్రెండ్‌ది ఓపెన్ వాటర్, 18 మీటర్లే. నేను మాత్రం 28 మీటర్లలో ఉన్న మునిగిన ఓడని ఇద్దరి పేరు మీదా రాసేశాను. ఇన్సూరెన్స్ కాగితం చదువుతుంటే బయటపడింది: కార్డుకి మించిన లోతుకి దిగితే పైసా రాదని అందులో ఉంది. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ చాలావాటిలో స్కూబాయే ఉండదు, ఉన్నా లోతు పరిమితి ఉంటుంది. చాంబర్ చికిత్స, అక్కడికి తరలించే ఖర్చు రెండూ ఉన్నాయో లేదో వేలు పెట్టి చదవండి. ఓడని లిస్టులోంచి కొట్టేశాం. 18 లోపు సైట్లే చేశాం. వెలుతురు ఎక్కువ, గాలి కూడా ఎక్కువసేపు వస్తుంది. 20 మీటర్ల దగ్గర ఒత్తిడి మూడింతలు, గాలి ఖర్చూ మూడింతలే కదా.

సామాను గురించి రెండు ముక్కలు. మాస్క్ సొంతది, ఎందుకంటే ముఖం సొంతది. డైవ్ కంప్యూటర్ కూడా సొంతదే, లేదంటే ట్రిప్ అంతా ఒకే అద్దె కంప్యూటర్ ఉంచుకోండి. నిన్న మీరు దిగింది కొత్త కంప్యూటర్‌కి తెలియదు, మీ ఒంట్లో నైట్రోజన్ సున్నా అనుకుని లెక్క మొదలుపెడుతుంది. టార్చ్ లిథియం బ్యాటరీలు విడిగా తెస్తే చేతి సంచిలోనే పెట్టుకోండి. మిగతావి అద్దెకి దొరుకుతాయి.

సరే, నాలుగో డైవ్. రెగ్యులేటర్, అంటే ట్యాంక్ నుంచి నోటికి గాలి అందించే పరికరం, మాత్రం నాదే కావాలని, ఏడాది సర్వీసు చేయించి, చంటిపిల్లని మోసినట్టు మోసుకెళ్లాను. మొదటి రోజు పొద్దున పడవ ఎక్కి ట్యాంక్‌కి పెట్టబోతే పట్టదు. నాది డిన్, వాల్వ్ లోపలికి మర తిప్పి బిగించేది. వాళ్ల ట్యాంకులన్నీ యోక్, పైనుంచి బిగించేవి. ప్రపంచంలో రెండూ ఉన్నాయని నాకు తెలుసు. నాలుగు ప్రశ్నలు రాసినవాణ్ణి ఐదోది రాయలేదు. ఆ పూట పడవలో కూర్చుని మిగతావాళ్ల బుడగలు లెక్కపెట్టాను. మధ్యాహ్నం అద్దె రెగ్యులేటర్‌తో దిగాను, బ్రహ్మాండంగా పనిచేసింది, అది ఇంకో బాధ.

ఇదిగో, డిన్‌ని యోక్ ట్యాంక్‌కి పట్టించడానికి రాగానే కొన్న అడాప్టర్ ఇదే. అరచేతిలో పట్టేస్తుంది చూశారా. వచ్చే ట్రిప్ తేదీలు అష్టమికి అటూ ఇటూ పెట్టాను. ఇది మాత్రం ఇప్పుడే బ్యాగులో వేసేస్తున్నా.