రాకెట్ ఎందుకు పడిపోయిందో మనకు చెప్పాలి కదా

నమస్కారం అండీ, అందరూ బాగున్నారా. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. టారిఫ్‌లు, యుద్ధాలు, ఏఐ కంపెనీల పోటీ, వీటి మీద ఇప్పటికే బోలెడు వీడియోలు వచ్చాయి. ఈరోజు నేను మన జిల్లా సంగతి మాట్లాడతాను. శ్రీహరికోట. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట వైపంతా నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అంటే షార్, ఇస్రో రాకెట్లను ప్రయోగించే కేంద్రం, ఇప్పుడు మన జిల్లాలో ఉంది. చాలామంది ఇంకా నెల్లూరు జిల్లా అనే అంటున్నారు కానీ, రాకెట్ లేచేది మన జిల్లా నేల మీది నుంచే.

2026 జనవరి 12న ఉదయం ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ-సీ62 లేచింది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ కోసం తయారైన ఈఓఎస్-ఎన్1 అనే ఉపగ్రహం, దాంతోపాటు డజనుకు పైగా చిన్న ఉపగ్రహాలు అందులో ఉన్నాయి. మొదటి దశ బాగుంది, రెండో దశ బాగుంది. మూడో దశ చివర్లో రాకెట్ అదుపు తప్పింది, దారి మారిపోయింది. ఉపగ్రహాలన్నీ పోయాయి. ఇస్రో చైర్మన్ నారాయణన్ గారు వచ్చి మూడో దశ చివర్లో తేడా కనిపించిందని, డేటా పరిశీలిస్తున్నామని చెప్పారు.

ఒక్కసారి ఎనిమిది నెలలు వెనక్కి వెళ్దాం. 2025 మే 18, ఉదయం 5 గంటల 59 నిమిషాలు. పీఎస్‌ఎల్‌వీ-సీ61. మోసుకెళ్లింది ఈఓఎస్-09. మబ్బులున్నా, రాత్రయినా నేలను చూడగలిగే రాడార్ ఉపగ్రహం అది. ఆపరేషన్ సిందూర్ జరిగిన నెలలోనే వెళ్తోంది కాబట్టి దేశమంతా దాని మీద కళ్లు పెట్టుకుని ఉంది. మొదటి రెండు దశలు సరిగానే పనిచేశాయి. మూడో దశ మోటారులో పీడనం పడిపోయింది. అది కూడా సముద్రంలో కలిసింది.

రెండు రాకెట్లు. రెండుసార్లూ మూడో దశే. మధ్యలో పీఎస్‌ఎల్‌వీ ఇంకోటి ఎగరలేదు, అంటే వరుసగా రెండు. ఏ రాకెట్ ఇది? 2008లో చంద్రయాన్-1, 2013లో మంగళయాన్, 2017 ఫిబ్రవరిలో ఒకే దెబ్బకు 104 ఉపగ్రహాలు, 2023లో ఆదిత్య-ఎల్1. ఇవన్నీ మోసిన రాకెట్ ఇది. ముప్పై ఏళ్లకు పైగా మనం గుండె మీద చెయ్యేసుకుని నమ్మిన రాకెట్.

రాకెట్ ఫెయిలైందని నాకు కోపం లేదు. రాకెట్లు ఫెయిలవుతాయి. పీఎస్‌ఎల్‌వీ మొట్టమొదటి ప్రయోగం, 1993 సెప్టెంబర్ 20న జరిగింది, అదీ ఫెయిలే. నాకు బాధ కలిగించే విషయం వేరే ఉంది. సీ61 ఎందుకు పడిపోయిందో తేల్చడానికి కమిటీ వేశారు. ఆ కమిటీ పని చేసింది. కానీ దాని రిపోర్టు జనం ముందుకు రాకుండానే సీ62 ఎగిరింది. ఎక్కడ తప్పు జరిగింది, ఏం మార్చారు, మార్చింది ఎలా పరీక్షించారు, వీటిలో ఒక్కటీ మనకు తెలియకుండానే రెండో రాకెట్ ఎక్కించారు.

రిపోర్టు బయట పెట్టనందువల్లే సీ62 పడిపోయిందని నేను అనడం లేదు. అలా అనడానికి నా దగ్గర ఆధారం లేదు. ఇస్రో ఇంజనీర్లు లోపల ఎంత కష్టపడి ఉంటారో నేను ఊహించగలను. నేను అడిగేది ఒక్కటే. ఇంతకుముందు చెప్పేవాళ్లు కదా, ఇప్పుడు ఎందుకు చెప్పడం లేదు?

ఎందుకంటే ఇస్రోకు చెప్పే అలవాటు ఉంది. 2021 ఆగస్టు 12న ఇస్రో ఇంకో రకం రాకెట్ జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 ఫెయిలైంది. క్రయోజనిక్ దశ, అంటే అతి చల్లని ద్రవ ఇంధనంతో నడిచే దశ, మండలేదు. తర్వాత ఇస్రో కారణం ప్రకటించింది. హైడ్రోజన్ ట్యాంకుకు ఉండే ఒక వాల్వులో మెత్తటి సీల్ దెబ్బతింది, గ్యాస్ లీకై ట్యాంకులో పీడనం తగ్గింది, అందుకే ఇంజిన్ సరిగ్గా అందుకోలేదు. ఇదీ కారణం, ఇవీ మేం చేస్తున్న మార్పులు అని రాసి పెట్టారు. ఆ తర్వాత 2023 మేలో అదే రకం రాకెట్ విజయవంతంగా వెళ్లింది. 2025 జూలై 30న నాసాతో కలిసి చేసిన నైసార్ అనే రాడార్ ఉపగ్రహాన్ని మోసింది కూడా అదే రకం జీఎస్‌ఎల్‌వీ. 2,393 కిలోల ఉపగ్రహం. ఒకప్పుడు ఈ రాకెట్‌కు క్రయోజనిక్ టెక్నాలజీ రష్యా నుంచి మనకు రాకుండా ఒత్తిడి పెట్టింది అమెరికా. అదే అమెరికా తన రాడార్‌ను తెచ్చి దీని మీదే పెట్టింది. ఫెయిలైన సంగతి దాచిపెట్టి ఉంటే ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చేది?

చిన్న ఉపగ్రహాల కోసం చేసిన ఎస్‌ఎస్‌ఎల్‌వీ రాకెట్ సంగతి ఇంకా బాగుంటుంది. 2022 ఆగస్టు 7న మొదటి ప్రయోగం. రెండో దశ విడిపోయేటప్పుడు ఒక్క క్షణం, నిజానికి క్షణంలో చిన్న ముక్క, గట్టి కుదుపు వచ్చింది. దాన్ని చూసి రాకెట్‌లోని కంప్యూటర్, సెన్సర్లు చెడిపోయాయని అనుకుంది. అనుకుని, వేరే పద్ధతిలోకి మారిపోయింది. చివరికి ఉపగ్రహాలను 356 కిలోమీటర్ల ఎత్తులో గుండ్రటి కక్ష్యలో వదలాల్సింది పోయి, ఒక వైపు 76 కిలోమీటర్ల దాకా కిందికి దిగే కక్ష్యలో వదిలింది. అంత కిందికి వస్తే గాలి లాగేస్తుంది, ఉపగ్రహం నిలవదు. ఇదంతా నాకెలా తెలుసు? ఇస్రో చెప్పింది కాబట్టి తెలుసు. ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఆ నోట్ చదివితే సెన్సర్ ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు నమ్మకూడదు అన్నది సెమిస్టర్ పాఠం కంటే బాగా అర్థమవుతుంది. ఆరు నెలల్లో, 2023 ఫిబ్రవరి 10న, రెండో ఎస్‌ఎస్‌ఎల్‌వీ గెలిచింది.

మన చిత్తూరు వైపు రైతు బోరు వేసి నీళ్లు పడకపోతే, పక్క పొలం రైతు వచ్చి ఎన్ని అడుగులు దించావు, రాయి ఎక్కడ తగిలింది అని అడుగుతాడు. ఇతను దాచుకోకుండా చెప్తాడు. ఆ మాట మీద ఆధారపడి పక్కవాడు తన పాయింట్ మార్చుకుంటాడు. ఇదీ అంతే.

బయట దేశాల సంగతి ఒకటి చెప్తాను. 1996 జూన్ 4న యూరప్ వాళ్ల అరియాన్-5 మొదటి రాకెట్ లేచిన నిమిషం లోపే పేలిపోయింది. కారణం, పాత అరియాన్-4 సాఫ్ట్‌వేర్‌ను కొత్త రాకెట్‌లో అలాగే వాడారు. ఒక పెద్ద సంఖ్యను చిన్న గదిలో పెట్టబోయి కంప్యూటర్ చేతులెత్తేసింది. యూరప్‌కు ఎంత తలవంపు అది! అయినా రెండు నెలలు తిరగకముందే విచారణ రిపోర్టు ప్రపంచం ముందు పెట్టారు. ఈరోజుకీ సాఫ్ట్‌వేర్ చదివే ప్రతి దేశంలో ఆ రిపోర్టు పాఠంగా చెప్తారు. మన కల్పనా చావ్లా చనిపోయిన కొలంబియా వ్యోమనౌక ప్రమాదం 2003 ఫిబ్రవరి 1న జరిగితే, ఆ ఆగస్టులోనే పూర్తి రిపోర్టు వచ్చింది. అందులో నాసా పద్ధతులనే తీవ్రంగా తప్పుపట్టారు. అదీ బయటే పెట్టారు.

ఇప్పుడు మీలో కొందరు అడుగుతారు. అన్నా, అవి దేశ భద్రత ఉపగ్రహాలు, అన్నీ బయట ఎలా చెప్తారు అని. సరైన ప్రశ్నే. పీఎస్‌ఎల్‌వీ మూడో దశలో ఉండే ఘన ఇంధన మోటారుకు, క్షిపణి మోటారుకు దగ్గరి చుట్టరికం ఉంది. సమాచార హక్కు చట్టంలో కూడా సెక్షన్ 8 కింద భద్రతకు, శాస్త్రీయ ప్రయోజనాలకు సంబంధించిన సమాచారం ఇవ్వక్కర్లేదని ఉంది. ఒప్పుకుంటాను. ఉపగ్రహం ఏం చూస్తుంది, ఎంత స్పష్టంగా చూస్తుంది, మోటారులో ఏ పదార్థం ఎంత కలిపారు, ఇవేవీ నాకు వద్దు. ఎవరూ అడగడం లేదు కూడా. ఫలానా భాగంలో ఫలానా లోపం, తయారీలో వచ్చిందా, డిజైన్‌లో ఉందా, తనిఖీలో దొరకలేదా, ఇప్పుడు ఏం మార్చాం. రెండు పేజీలు చాలు. ఎఫ్10కి ఇచ్చింది అంతే. ఎస్‌ఎస్‌ఎల్‌వీకి ఇచ్చింది అంతే. అప్పుడు దేశ భద్రతకు ఏ నష్టమూ జరగలేదు.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తు చేసుకోవాలి. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచే ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం జరిగింది, ఫెయిలైంది. ఆ ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం గారు. అప్పటి ఇస్రో చైర్మన్ సతీష్ ధావన్ గారు. విలేకరుల ముందు కూర్చుని బాధ్యత తన మీద వేసుకున్నది ధావన్ గారు. 1980 జూలై 18న రెండోసారి రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లినప్పుడు మాత్రం కలాం గారిని మాట్లాడమన్నారు. కలాం గారు ఈ మాట బతికినంతకాలం చెప్తూనే ఉన్నారు. ఆ ధావన్ గారి పేరే 2002లో ఆ కేంద్రానికి పెట్టాం. గేటు మీద ఆయన పేరు ఉన్నచోట, ఫెయిలైన రాకెట్ గురించి మౌనంగా ఉండటం నాకు మనసుకు పట్టడం లేదు.

ఇంకో మాట. ప్రతి ప్రయోగానికి ముందు ఇస్రో వాళ్లు రాకెట్ నమూనా తీసుకుని తిరుమల వస్తారు, శ్రీవారి దగ్గర పెట్టి పూజ చేయించుకుంటారు. సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడికీ వెళ్తారు. ప్రతిసారీ దీని మీద సోషల్ మీడియాలో గొడవ. శాస్త్రవేత్తలకు పూజలేంటి అని కొందరు, వాళ్లను తిడుతూ ఇంకొందరు. నాకైతే ఆ పూజలో తప్పేమీ కనిపించదు. సంవత్సరాల కష్టం పదిహేను నిమిషాల్లో తేలిపోయే పని చేసేవాళ్లు, దండం పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి. దాని మీద గంటలు గంటలు డిబేట్ పెట్టే టీవీలు, ఫెయిల్యూర్ రిపోర్టు ఎక్కడ అని ఒక్క గంట అడిగితే బాగుండేది.

ఇందులో నష్టపోయేది ఎవరో కూడా చూడండి. సీ62లో హైదరాబాద్ స్టార్టప్ ధ్రువ స్పేస్ వాళ్ల ఉపగ్రహాలు ఉన్నాయి. కాలేజీ పిల్లలు చేసినవి ఉన్నాయి. ఆ పిల్లలకు ఇంకో అవకాశం ఎప్పుడొస్తుందో. పులికాట్ పక్కన, తీరం వెంట ఉండే జాలర్లు ప్రయోగం రోజున సముద్రంలోకి వెళ్లకూడదు. వాళ్ల ఆ రోజు వేట పోయినట్టే. 2025-26 బడ్జెట్‌లో అంతరిక్ష శాఖకు ఇచ్చింది 13,416 కోట్ల రూపాయలు. మూడో లాంచ్ ప్యాడ్ కోసం దాదాపు 3,985 కోట్లు మంజూరయ్యాయి, అదీ మన శ్రీహరికోటలోనే. సంతోషం. ఈ ఖర్చు నేను తప్పు పట్టను, ఇంకా ఎక్కువ పెట్టాలనే అంటాను. ఇంత పెట్టేటప్పుడు లెక్క చెప్పమనడం తప్పెలా అవుతుంది?

ఇక గగన్‌యాన్. దీన్ని ఊరికే దాటేయలేం. ఇప్పటిదాకా పోయినవి ఉపగ్రహాలు. రేపు మన శ్రీహరికోట నుంచి మనుషులు ఎక్కబోతున్నారు. వాళ్లు వెళ్లేది పీఎస్‌ఎల్‌వీ కాదు, ఎల్‌వీఎం3 అనే వేరే పెద్ద రాకెట్, దాని రికార్డు చాలా మంచిది. కానీ తప్పు దొరికినప్పుడు దాన్ని అందరి ముందు పెట్టడం అనేది రాకెట్‌కు ఉండే గుణం కాదు, సంస్థకు ఉండే గుణం.

2025 జూన్‌లో శుభాంశు శుక్లా గారు అమెరికా నుంచి స్పేస్ స్టేషన్‌కు వెళ్లినప్పుడు ఏం జరిగిందో గుర్తుందా? ఫాల్కన్-9 రాకెట్‌లో లిక్విడ్ ఆక్సిజన్ లీక్ కనిపించింది. దాన్ని పూర్తిగా సరిచేసి, పరీక్షించి చూపించాలని మన ఇస్రో బృందం పట్టుబట్టింది. ప్రయోగం వాయిదా పడింది. ఆ లీకు సంగతి ప్రపంచమంతా తెలిసింది, ఎవరూ దాచలేదు. నారాయణన్ గారే ఆ విషయం దేశానికి చెప్పారు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో. ఫ్లోరిడాలో వాళ్ల రాకెట్ ముందు నిలబడి అడిగిన ఆ ప్రశ్నే, సూళ్లూరుపేటలో మన రాకెట్ గురించి మనమూ అడుగుతున్నాం. అంతకంటే ఎక్కువేమీ కాదు.

చెప్పకపోతే ఏమవుతుందో ఇప్పటికే చూస్తున్నాం. వాట్సాప్‌లో కుట్ర అంటాడు ఒకడు, విదేశీ చెయ్యి అంటాడు ఇంకొకడు. పాపం షార్‌లో పనిచేసే కాంట్రాక్టు కార్మికుడిని కూడా అనుమానంగా చూసేదాకా వెళ్తాయి ఈ మాటలు. దీన్ని ఆపాలంటే రెండు పేజీల నిజం కావాలి. పోలీసు కేసులతో ఆగదు.

మనం చేయగలిగింది ఒకటి ఉంది. సూళ్లూరుపేట, శ్రీహరికోట తిరుపతి లోక్‌సభ నియోజకవర్గంలోకి వస్తాయి. అంటే ఈ ప్రశ్న అడగడానికి దేశంలో అందరికంటే ఎక్కువ హక్కు మన ఎంపీకి ఉంది. పార్టీ ఏదైనా కానివ్వండి. అంతరిక్ష శాఖ ప్రధానమంత్రి దగ్గరే ఉంటుంది, సహాయ మంత్రి సభలో జవాబు చెప్తారు. ప్రశ్న నేనే రాసి పెట్టాను, చదువుతాను, నచ్చితే మీరు కూడా మీ పేరుతో ఎంపీ ఆఫీసుకు పంపండి: "పీఎస్‌ఎల్‌వీ-సీ61, సీ62 వైఫల్యాలపై కమిటీల నివేదికల్లో భద్రతకు సంబంధం లేని భాగాన్ని ప్రభుత్వం ఎప్పుడు ప్రచురిస్తుంది? సీ61 తర్వాత మూడో దశలో ఏమేం మార్పులు చేశారు? ఆ మార్పులను నేల మీద పరీక్షించిన తర్వాతే సీ62కు అనుమతి ఇచ్చారా?"