కాంబస్ మూతపడింది, పీపాలు మిగిలాయి: పాత సింగిల్ గ్రెయిన్ స్కాచ్

నమస్కారమండీ. ఈ వీడియో పెద్దలకు మాత్రమే. మద్యం ఆరోగ్యానికి హానికరం, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

స్కాచ్ అనగానే మనవాళ్లు అడిగేది సింగిల్ మాల్టా, బ్లెండా అని. మూడోది ఒకటుంది, సింగిల్ గ్రెయిన్. దాని ఊసు ఎవరూ ఎత్తరు. జానీ వాకర్ రెడ్ లేబుల్ లాంటి బ్లెండ్‌లో మాల్ట్‌తో (అంటే మొలకెత్తిన బార్లీతో మాత్రమే చేసే విస్కీతో) పాటు ఉండేది గ్రెయిన్ విస్కీయే. అంటే పేరు తెలియకుండానే మనలో చాలామంది దాని రుచి చూసేశారు.

గోధుమలో, మొక్కజొన్నలో తీసుకుని, కొంత మొలకెత్తిన బార్లీ కలిపి, ఒకే డిస్టిలరీలో దీన్ని తయారు చేస్తారు. మాల్ట్‌ను రాగి పాత్రల్లో విడతలు విడతలుగా కాస్తారు. దీన్ని మాత్రం పొడవాటి కాలమ్ స్టిల్‌లో ఆపకుండా తీస్తారు. పైనుంచి పులిసిన ద్రవం దిగుతుంటే కిందనుంచి ఆవిరి ఎక్కుతుంది. ఆల్కహాల్ 94 శాతం దాకా వస్తుంది, 94.8 లోపే ఉండాలని చట్టం. అందుకే అప్పుడే తీసిన స్పిరిట్ చాలా తేలిగ్గా ఉంటుంది. బ్లెండ్‌లో కలపడానికి తప్ప పనికిరాదన్న చులకన అక్కడే మొదలైంది. అది అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

స్కాట్లాండ్‌లో అలోవా పక్కన కాంబస్ డిస్టిలరీ ఉండేది. 1905లో లండన్‌లోని ఇస్లింగ్టన్‌లో, గ్రెయిన్ స్పిరిట్‌ను విస్కీ పేరుతో అమ్మడం తప్పంటూ కేసు పెట్టారు. అమ్మినవాళ్లు ఓడిపోయారు. కాంబస్ యజమాని డిస్టిలర్స్ కంపెనీ మాత్రం తగ్గలేదు. 1906లో ఏడేళ్లు పీపాలో ఉంచిన కాంబస్ గ్రెయిన్ విస్కీకి పత్రికల్లో ప్రకటనలు వేయించింది! చివరికి 1909లో రాయల్ కమిషన్, అంటే బ్రిటన్‌లో వేసిన అధికారిక విచారణ సంఘం, ఇదీ విస్కీయేనని తేల్చింది. ఆ కాంబస్ 1914లో కాలిపోయింది, 1938లో మళ్లీ మొదలైంది, 1993లో శాశ్వతంగా మూతపడింది.

కాబట్టి ఇప్పుడు పీపాలో ఏదైనా కాంబస్ మిగిలి ఉంటే దాని వయసు ముప్పై ఏళ్లు దాటినట్టే. అలాంటివాటిని విడిగా సీసాల్లో నింపి మనదాకా తెచ్చింది ఎక్కువగా ఇండిపెండెంట్ బాట్లర్లే. సిగ్నేటరీ, డగ్లస్ లైంగ్, కేడెన్‌హెడ్ లాంటివాళ్లు. వీళ్లు పీపా కొంటారు, డిస్టిలరీ పేరుతో పాటు తీసిన సంవత్సరం, నింపిన సంవత్సరం, చాలాసార్లు పీపా నంబరు, సీసాల సంఖ్య కూడా లేబుల్ మీద వేస్తారు. ఆ వివరాలు ఉన్న లేబుల్‌నే నేను నమ్ముతాను.

పీపాలోంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. స్కాట్లాండ్ వాతావరణంలో ఆల్కహాల్ శాతం కూడా మెల్లగా పడిపోతుంది. 40 కన్నా కిందికి దిగితే దాన్ని స్కాచ్ అని అమ్మడానికి లేదు. ఇంకో ఐదేళ్లు ఉంచుదామా, ఇప్పుడే తీసేద్దామా అన్నది బాట్లర్ తేల్చుకోవాలి. అక్కడే అతని పనితనం బయటపడుతుంది.

మంచి అమెరికన్ ఓక్ పీపాలో ముప్పై ఏళ్లున్న గ్రెయిన్‌ని ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు వెనిల్లా, వెంటనే పచ్చికొబ్బరి, ఆ తర్వాత చక్కెర పాకం వాసన. నోట్లో నూనెలా జారుతుంది. అదే పదేపదే వాడి సారం పోయిన పీపా అయితే నలభై ఏళ్లున్నా పలచగానే ఉంటుంది. వయసు అంకె ఒక్కటే చూసి డబ్బు పెట్టకండి. ఒక విషయం మాత్రం మనకు కలిసొస్తుంది: అదే వయసున్న మాల్ట్‌తో పోలిస్తే గ్రెయిన్ ధర సాధారణంగా చాలా తక్కువ.

గ్లాసులో పోశాక పది నిమిషాలు వదిలేయండి. కాస్క్ స్ట్రెంత్ అయితే, అంటే నీళ్లు కలపకుండా పీపాలో ఉన్న గాఢతతోనే సీసాలో నింపినదైతే, రెండు మూడు చుక్కల నీళ్లు చాలు. సోడా, ఐసు మాత్రం వద్దు, ఆ కొబ్బరి వాసన పోతుంది.